మందు కొట్టే ముందు పురుగు పేరు చెప్పండి



ఈసారి గోడ పత్రికలో నాకు రెండు చార్టుల జాగా ఇచ్చినారు. వంటగది వెనక మునగచెట్టు గురించి రాస్తాండాను. పది రోజుల నుంచి హాస్టల్లో ఎవరిని కదిలించినా అదే మాట. చెట్టు మీద గొంగళి పురుగులు పడినాయి, పిల్లోళ్లకు దద్దుర్లు వస్తాండాయి, ఏదో ఒకటి చేయాల. కొందరు చెట్టు కొట్టేయమంటాండారు. ఇంకొందరు మిరపతోటకు కొట్టే మందు తెచ్చి స్ప్రేయరుతో కొడితే ఒక్క పూటలో పోతాదంటాండారు. ఆదివారం స్ప్రేయరు తెప్పిస్తారని కూడా విన్నాను. నా అభిప్రాయం ఏమంటే, ఆ పురుగు ఏదో తేల్చకుండా మందు డబ్బా మూత తీయకూడదు. ఎందుకో రాస్తాను. చదివినాక తిట్టాలనిపిస్తే తిట్టండి, కింద జాగా వదిలినాను.

అసలు సంగతి, మన పెరట్లో పురుగు ఒకటి కాదు, రెండు రకాలున్నాయి. మునగచెట్టు బోదె మీద ఉండేది ఒకటి. దానికి పది అడుగుల అవతల కరివేపాకు చెట్టు మీద ఉండేది ఇంకొకటి. మనోళ్లు రెండింటినీ గొంగళి పురుగులే అంటాండారు. మొన్న సాయంత్రం ఆరో తరగతి పిల్లోళ్లు కరివేపాకు మీది పురుగుల్ని పుల్లతో రాల్చి చెప్పుల కింద తొక్కినారు, దద్దుర్లకు పగ తీర్చుకుంటాండామని! ఆ పురుగుకు ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు. దద్దుర్లు దాని వల్ల వచ్చేవి కావు. ఒకరు చేసినదానికి ఇంకొకరిని కొట్టడమంటే ఇదే.

గొంగళి అంటే కంబళి. గొర్రెలు కాసేవాళ్లు వానకు కప్పుకుంటారే, అది. ఒళ్లంతా ఆ కంబళి కప్పుకున్నట్టు వెంట్రుకలుంటాయి కాబట్టి గొంగళి పురుగు అన్నారు. మా పక్క కంబళి పురుగు అనేవాళ్లు కూడా ఉన్నారు, బొంత పురుగు అనేవాళ్లూ ఉన్నారు. మూడు పేర్లకూ అర్థం ఒకటే, కప్పుకునే గుడ్డ. అంటే వెంట్రుకలు లేనిదాన్ని గొంగళి పురుగు అనడం తెలుగులోనే తప్పు. పేరు పెట్టిన పెద్దోళ్లు చూసి పెట్టినారు, మనం చూడకుండా వాడతాండాము.

ముందు మునగచెట్టు పురుగు సంగతి చూద్దాము. గోధుమ రంగు, ఒత్తుగా వెంట్రుకలు. పగలంతా బోదె మీద గుంపుగా ఒకదాని మీద ఒకటి అతుక్కొని ఉంటాది. దూరం నుంచి చూస్తే చెట్టుకు గోనెపట్టా చుట్టినట్టు ఉంటాది. రాత్రి పైకెక్కి ఆకు తింటాది, బెరడు కూడా గీకుతాది. పొద్దున మనం బ్రష్ చేసుకునేటప్పటికి మళ్ళీ కిందికి దిగి గుంపు కట్టి ఉంటాది. ఇది మునగకే వచ్చే గొంగళి పురుగు. శాస్త్రజ్ఞులు దీన్ని యుప్టెరోటి మోలిఫెరా అంటారు. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, గుర్తు తెలిస్తే చాలు: మునగచెట్టు, గోధుమ రంగు వెంట్రుకలు, పగలు బోదె మీద గుంపు. ఈ మూడు కలిస్తే ఇదే. వానలు పడినాక పుట్టుకొస్తాది. బాగా తిని పెరిగినాక చెట్టు దిగి మట్టిలోకి పోయి గూడు కట్టుకుంటాది. ఆ గూట్లో నుంచి పసుపు కలిసిన గోధుమ రంగు పెద్ద రెక్కల పురుగు బయటికొచ్చి, మళ్ళీ ఆకుల మీద గుంపుగా గుడ్లు పెడతాది.

దద్దుర్లు దీని వల్లే. అందులో వాదం లేదు. అయితే ఒక మాట అడుగుతాను. చెట్టు దగ్గరికే పోని పిల్లోళ్లకు దద్దుర్లు ఎట్ల వచ్చినాయి? నేను లెక్క తీసినాను. దద్దుర్లు వచ్చినవాళ్లు పదకొండు మంది. అందులో చెట్టును ముట్టినవాళ్లు ముగ్గురే. మిగతా ఎనిమిది మంది బట్టలు ఆరేసింది యాడ? మునగచెట్టు బోదెకూ కిటికీ ఊచకూ కట్టిన తీగ మీద! ఊడిన వెంట్రుకలు గాలికి ఎగిరి తడి బట్టలకు అంటుకుంటాయి. ఆ చొక్కా తొడుక్కుంటే మెడ, నడుము, చంకలు దురద పెడతాయి. మీరే చూడండి, వాళ్ళ దద్దుర్లు చొక్కా ఉండే చోటే ఉన్నాయి, చేతుల మీద లేవు. ఆ తీగ విప్పి అవతల గేటు పక్కన కడితే సగం జబ్బు ఈ రోజే పోతాది. దానికి డబ్బా మందూ అక్కరలేదు, రూపాయి ఖర్చూ లేదు.

ఇక దద్దుర్లు వచ్చినవాళ్లు గోకొద్దు, రుద్దొద్దు. మనోళ్లు కొబ్బరినూనె రాసి విభూతి పెట్టి గట్టిగా రుద్దుతాండారు. రుద్దితే వెంట్రుక ఇంకా లోపలికి పోతాది. రికార్డులకు అతికించే గమ్ టేపు ఉంది గదా, దాన్ని చర్మం మీద అంటించి లాగితే వెంట్రుకలు దానితో వచ్చేస్తాయి. తర్వాత సబ్బు పెట్టి నీళ్ళతో కడగాల, చల్లని గుడ్డ వేయాల. కంట్లో పడితే మాత్రం నీళ్ళతో కడుగుతూ నేరుగా ఆసుపత్రికి పోవాల, ఆలస్యం చేయొద్దు.

ఇప్పుడు కరివేపాకు పురుగు. నిజం చెప్పాలంటే నాకు దీని మీద ఇష్టం ఎక్కువ. చిన్నప్పుడు ఇది పిట్ట రెట్టలా ఉంటాది. నల్లగా, నడుమ తెల్ల మచ్చ. ఆకు మీద కాకి రెట్ట వేసినట్టే అనిపిస్తాది. ఏ పిట్టయినా రెట్టను తింటాదా? అందుకే ఆ వేషం. పెద్దయ్యేకొద్దీ పచ్చగా మారి ఆకులో కలిసిపోతాది, ఒంటి మీద అడ్డంగా గోధుమ పట్టీలు ఉంటాయి. పుల్లతో తాకితే తల వెనక నుంచి ఎర్రగా రెండు కొమ్ములు బయటికి తీస్తాది, ఘాటు వాసన వస్తాది. పిల్లోళ్లు ఆ కొమ్ములు చూసి విషం అనుకున్నారు. కాదు, అది కుట్టదు, కరవదు. వాసనతో చీమల్నీ కందిరీగల్నీ బెదిరించుకుంటాది, అంతే.

దీని పేరు నిమ్మ సీతాకోకచిలుక. పుస్తకాల్లో పాపిలియో డెమోలియస్ అని ఉంటాది. నిమ్మ, చీనీ, బత్తాయి, మారేడు, కరివేపాకు, అన్నీ ఒకే కుటుంబం చెట్లు కాబట్టి అన్నింటి ఆకూ తింటాది. పులివెందుల పక్క చీనీ తోటల రైతులకు ఇది బాగా తెలుసు. నారు మొక్కల మీద పడితే మొక్కను మోడు చేస్తాది, వాళ్ళు దాన్ని తిట్టుకోవడంలో న్యాయం ఉంది. మన చెట్టు మాత్రం నిలువెత్తు దాటిన చెట్టు. పది పురుగులు పది రెమ్మలు తిన్నా, వాన పడిన వారానికి మళ్ళీ చిగురేస్తాది. అది మోడయ్యేంత పురుగు ఇప్పుడు లేదు. మరీ ఎక్కువైతే చేత్తో ఏరేయచ్చు, చేతికి ఏమీ కాదు.

ఇదంతా ఊహ కాదు. హార్లిక్స్ సీసాలో పచ్చ పురుగును ఒకదాన్ని వేసి, మూతకు బదులు దోమతెర గుడ్డ కట్టి, రోజూ కరివేపాకు రెమ్మ మార్చినాను. ఐదో రోజు తినడం మానేసింది. పుల్లకు తోక అతికించుకొని, నడుముకు సన్న దారంతో మోకు కట్టుకుంది, ఈతచెట్టు ఎక్కే గీత కార్మికుడు కట్టుకుంటాడే, అచ్చం అట్లే. తెల్లారేటప్పటికి గూడయింది. తొమ్మిదో రోజు పొద్దున స్టడీ అవర్లో రెక్కలు ఆరబెట్టుకుంటా కూర్చోనింది. నలుపు మీద పసుపు మచ్చలు, కింది రెక్కల్లో ఎర్ర చుక్క, తోకలు లేవు. తొమ్మిదో తరగతి మొత్తం చూసినారు, సాక్ష్యం ఉంది. వరండాలో బంతిపూల మీద తిరిగే చిలుకలు ఎవరి పిల్లలో ఇప్పుడు తెలిసిందా?

పేరు తెలుసుకోవడం పెద్ద విద్య అనుకుంటాండారు. కాదబ్బా. ముందు పురుగును కాదు, చెట్టును చూడాల. చాలా పురుగులు వాటికి పడిన కొన్ని చెట్లే తింటాయి. జిల్లేడు మీద చారల పురుగు కనబడితే అది జిల్లేడు సీతాకోకచిలుక పిల్ల, తంగేడు మీద పచ్చ పురుగు అయితే లేత పసుపు తెలుపు చిలుకది. చెట్టు పేరు తెలిస్తే సగం పని అయిపోయింది. మనకు చెట్ల పేర్లు రావా? టౌను పిల్లలకు రాకపోవచ్చు గాని మనకు వస్తాయి. ఆ తర్వాత వెంట్రుకలున్నాయా, ముళ్ళున్నాయా, నున్నగా ఉందా చూడాల. ఒంటిగా ఉందా, గుంపుగానా చూడాల. పగలు తింటాందా, రాత్రా. ఆకు అంచు నుంచి కొరికిందా, నడుమ బొక్క పెట్టిందా, పచ్చదనం గీకి జల్లెడలా వదిలిందా.

ఇంకా తేలకపోతే కాళ్ళు లెక్కపెట్టాల. సీతాకోకచిలుక, రెక్కల పురుగుల పిల్లలకు ముందు మూడు జతల గోరు కాళ్ళు ఉంటాయి. నడుమ మెత్తని మొద్దు కాళ్ళు నాలుగు జతలు, తోక దగ్గర ఒక జత. మొద్దు కాళ్ళు అంతకంటే ఎక్కువ ఉంటే అది అసలు చిలుక పిల్లే కాదు. ముల్లంగి ఆకు తినే నల్ల పురుగుకు ఎనిమిది జతలుంటాయి, అది కందిరీగల చుట్టం. ఆముదం చేలో పడే దాసరి పురుగుకు నడుమ కాళ్ళలో ముందు జత ఎదగదు. అందుకే నడుము ఎత్తి విల్లులా వంచి నడుస్తాది. రైతు ఆ నడక చూసే పేరు చెప్తాడు, మీద చేయి వేయడు. నామాల పురుగు అని కూడా అంటారు.

ఇప్పుడు మందు సంగతికి వస్తాను. ఇది రాయడానికే ఈ చార్టు అడిగినాను.

మిరపకు, పత్తికి కొట్టే మందు మన కరివేపాకు మీద పడితే ఏమైతాది? రెండు చెట్ల నడుమ పది అడుగులే. స్ప్రేయరు గాలికి కొడితే మునగ మీద పడేదాని కంటే అవతల పడేదే ఎక్కువ. సోమవారం పొద్దున వంట అక్క అదే చెట్టు నుంచి కరివేపాకు దూసుకొచ్చి తిరగమాతలో వేస్తాది. మనమందరం పచ్చిపులుసులో, చిత్రాన్నంలో తింటాము. మునగాకు పప్పు కూడా ఈ చెట్టుదే. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే ఆదేశమిచ్చింది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీం కోర్టు దేశమంతా ఆపించింది. రైతు చేలో వాడకూడదన్నది వంటగది గోడ పక్కన వాడతామా?

ఇంకొక సంగతి. బీహారులో సారన్ జిల్లా గండామన్ ఊరి బడిలో 2013 జూలై 16న మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయినారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసిందని పరీక్షల్లో తేలింది. ఆ పిల్లలు మన ఆరో తరగతి తమ్ముళ్ల కంటే చిన్నోళ్లు. భయపెట్టడానికి రాయలేదు. మందు డబ్బా ఒకసారి హాస్టల్లోకి వస్తే మిగిలిన సగం మందును ఎవరూ పారబోయరు, స్టోరు రూములో ఒక మూల పెడతారు. స్టోరు రూములో ఏమేముంటాయో మనకు తెలుసు. ఖాళీ అయినాక డబ్బా బాగుందని కడిగి ఏదో ఒకటి పోస్తారు. కాబట్టి ఆ డబ్బా గేటు దాటి లోపలికి రావద్దనేదే నా విన్నపం.

మరి మునగ పురుగును ఏమి చేయాల? వదిలేయమనడం లేదు. దాని మీద నాకు జాలి లేదు. దద్దుర్లు వచ్చే పిల్లోళ్లున్న చోట అది ఉండకూడదు. పగలు గుంపు కట్టి బోదె మీద ఉంటాది గదా, అదే దాని బలహీనత. చెట్టంతా వెతికే పని లేదు. తోటల్లో రైతులు కాగడా వెలిగించి గుంపును కాలుస్తారు, వ్యవసాయ శాఖ వాళ్ళూ అదే చెప్తారు. అయితే మన చెట్టు వంటగది గోడకు ఆనుకొని ఉంది, లోపల గ్యాసు సిలిండర్లున్నాయి, కాబట్టి కాగడా వద్దు. బకెట్లో సబ్బునీళ్ళు కలిపి, పొడుగు కట్టెకు చీపురు కట్టి, గుంపును బకెట్లోకి ఊడ్చేయాల. ఊడ్చేవాళ్లు నిండు చేతుల చొక్కా వేసుకొని, ముక్కుకు తడి గుడ్డ కట్టుకోవాల. గాలి తోలే పూట వద్దు. చిన్న పిల్లోళ్లు ఆ పక్కకే రాకూడదు. అయిపోయినాక బోదెను నీళ్ళు కొట్టి కడగాల, ఎందుకంటే పురుగు పోయినా విడిచిన చర్మాలు, వెంట్రుకలు అక్కడే ఉంటాయి. ఎండాకాలంలో చెట్టు చుట్టూ మట్టి తవ్వి తిరగేస్తే గూళ్ళు బయటపడతాయి, ఎండకు కొన్ని, పిట్టలకు కొన్ని పోతాయి. వచ్చే వానలకు గుడ్ల గుంపులున్న ఆకులు కనబడితే అప్పుడే తుంచేస్తే ఇంత గొడవే రాదు.

మనకు తెలియకుండా సాయం చేసేవాళ్లు కూడా ఉన్నారు. వెంట్రుకల పురుగును చాలా పిట్టలు తినవు గాని, కోకిల జాతి పిట్టలు తింటాయి. వానలతో వచ్చే చాతక పక్షికి అది ఇష్టమైన తిండి. మందు తిన్న పురుగును ఆ పిట్ట తింటే ఏమైతాదో చెప్పక్కరలేదు.

“ఇంత చదువు పురుగు మీద ఎందుకప్పా, పదో తరగతి పరీక్షల్లో వస్తాదా” అని ఒక మిత్రుడు అడిగినాడు. పరీక్షల్లో రాదు. జర్మనీలో మరియా సిబిల్లా మెరియన్ అని ఒకామె ఉండేది. 1647లో పుట్టింది. పదమూడేళ్ళ వయసులో, అంటే మన ఎనిమిదో తరగతి వయసులో, పట్టుపురుగులు పెంచడం మొదలుపెట్టింది. పురుగులు బురదలో నుంచి వాటంతట అవే పుడతాయని చాలామంది నమ్మే కాలం అది. ఆమె ఒక్కొక్క పురుగునూ అది తినే మొక్కతో సహా పెంచి, గుడ్డు నుంచి రెక్కల దాకా బొమ్మలు వేసి 1679లో పుస్తకం అచ్చు వేయించింది. యాభై దాటినాక సముద్రం దాటి సూరినాం అడవులకు పోయింది. అక్కడ పురుగులు తెచ్చిచ్చి, ఏ మొక్క దేనికి పనికొస్తాదో చెప్పింది ఆ అడవి మనుషులూ బానిసలూ. వాళ్ళు చెప్పినారని ఆమె పుస్తకంలో రాసింది గాని, వాళ్ళ పేర్లు లేవు. నాకు అది చదివినప్పుడు కొంచెం కోపం వచ్చింది.

ఎందుకంటే మన పక్క కూడా అట్లే జరుగుతాది. లంకమల కొండల పక్క కలివికోడి సంగతి అందరికీ తెలుసు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986లో సిద్ధవటం పక్క రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. దాన్ని పట్టి చూపించింది అక్కడి ఊరి మనిషే. పెద్ద చదువులు చదివినోళ్లు లేదన్న పిట్టకు ఊరోళ్ల దగ్గర పేరు ఉండింది. పేరు ఉండింది గనకే అడిగినప్పుడు చూపించగలిగినారు.

మా అవ్వకు బడి తెలియదు. వెంట్రుకలుండేదాని జోలికి పోవద్దనీ, చీమలు వదిలేసిన పురుగును ముట్టొద్దనీ చెప్పేది. తెలంగాణలో చెన్నూరు, మహాదేవపూర్ అడవుల పక్క గిరిజనులు మద్దిచెట్ల మీద దసలి పట్టుపురుగుల్ని పెంచి బతుకుతారు. ఆ పురుగు కూడా ఆకు తినేదే, చెట్టును ఖాళీ చేసేదే. తెలియనోడు ఒకడు పోయి చీడ పట్టిందని మందు కొడితే ఒక సంసారం సంవత్సరం కూడు పోతాది. మద్దిచెట్లు మన కొండల్లోనూ ఉన్నాయి. మన తాతలకు తెలిసిన పేర్లు మనకు తెలియకుండా పోతే, పదేళ్ళ తర్వాత మనమే స్ప్రేయరు పట్టుకొని తిరుగుతాము.

వార్డెన్ సారు గారికి నా విన్నపాలు రాస్తాను. బట్టల తీగ ఈ రోజే మార్పించండి. ఆదివారం స్ప్రేయరు వద్దని చెప్పండి. దానికి పెట్టే డబ్బుతో రెండు పొడుగు చీపుర్లు, నాలుగు గమ్ టేపులు, ఒక డజను బట్టల సబ్బులు కొనివ్వండి, ఇంకా మిగులుతాది. అనుమానం ఉంటే ఒక పురుగును సీసాలో వేసి బద్వేలు వ్యవసాయ ఆఫీసుకో, కడప పక్క ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రానికో పంపండి. నేను చెప్పిన పేరు వాళ్ళ నోట విన్నాకే పని మొదలుపెడదాము. చెట్టు కొట్టేయమనే మాట మాత్రం దయచేసి వినొద్దు. నెలకు రెండుసార్లు మునక్కాయ సాంబారు తినేది ఆ చెట్టు మీదే గదా.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు ఊడ్చే పనికి తొమ్మిదో తరగతి నుంచి ఐదుగురం పేర్లు ఇచ్చినాము. పదో తరగతి అన్నలు ఇద్దరు వస్తే బకెట్లు మోయడానికి సరిపోతాది. నిండు చేతుల చొక్కా లేనివాళ్లు రావద్దు. కరివేపాకు చెట్టు మీద ఇంకా నాలుగు పురుగులు మిగిలినాయి, ఆ కొమ్మకు ఎర్ర గుడ్డపేలిక కట్టినాను. వంట అక్కకు చెప్పినాను, ఆ కొమ్మ వదిలి మిగతా ఆకు దూసుకుంటానని ఒప్పుకుంది.